నల్ల బానెట్ మీద సాలెగూళ్లు

పోయిన ఎండాకాలం భూపాలపల్లిలో మా అమ్మాయి సంధ్య దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చాను. తను అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఎంతో కాలం అనుకుని అనుకుని నల్లరంగు కారు ఒకటి కొనుక్కుంది. ఆ ఊళ్లో తెల్లారేసరికి గోడల మీదా, ఆరేసిన బట్టల మీదా, జామాకుల మీదా సన్నటి దుమ్ము ఒక పొరలా పరుచుకుని ఉంటుంది. లారీలు తిరిగే రోడ్లు, ఎండి పొడైన నేల, చెల్పూర్ వైపు నుంచి వీచే వేడిగాలి, అన్నీ కలిసి చేసే దుమ్ము అది. సంధ్య పొద్దున్నే కాలేజీకి బయలుదేరే ముందు పొడిగుడ్డ ఒకటి తీసుకుని, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ, ఎంతో ప్రేమగా కారంతా తుడుస్తుందట. నేను వెళ్లేసరికే కొన్ని నెలలుగా అలా తుడుస్తూ వచ్చింది. నేను వెళ్లిన మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే బయటి నుంచి పిలిచింది.

"అమ్మా, జర గిటు రా. గిదేందో చూడు."

ఎండలో నిలబెట్టిన కారు బానెట్ మీద సూర్యుడు చిన్న బొట్టులా మెరుస్తున్నాడు. ఆ బొట్టు చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి గీతలు, ఒకదాని వెనక ఒకటి, గుండ్రంగా అల్లుకుని ఉన్నాయి. మేం జరిగితే అవీ జరుగుతున్నాయి.

"స్విర్ల్ మార్క్స్ అంటరట. ఫోన్ల చూసిన," అంది సంధ్య. "కొత్త కారు గద. షోరూమోళ్లే గిట్ల ఇచ్చిన్రేమో."

"వాళ్లు కాదు బిడ్డా. దుమ్ముల ఇసుక ఉంటది. పొడిగుడ్డ పెట్టి రోజూ ఆ ఇసుకనే రంగు మీద రుద్దినవ్."

"మరి గుండ్రంగనే ఎందుకున్నయ్?"

"గీతలు అన్ని దిక్కులకూ ఉంటయి. వెలుగుకు అడ్డం పడ్డయే మెరుస్తయి. అందుకే వెలుగు చుట్టూ సాలెగూడు కట్టినట్టు కొడతది."

"గివన్ని నీకెట్ల తెలుసు?" అని తను నవ్వింది. మీ తాత చెప్పిండు అన్నాను. తను పుట్టేనాటికే ఆయన లేడు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి ఊరి చివర కార్లకు పాలిష్ చేసే షెడ్డుకు పోయాం. షెడ్డు నడిపే పెద్దమనిషి తలుపులు దగ్గరికి వేసి, చేతిలో పట్టుకునే దీపం ఒకటి వెలిగించి బానెట్ మీద అటూ ఇటూ తిప్పాడు. దీపం ఎటు జరిగితే అటు, దాని చుట్టూ గీతల వలయం తేలుతూ కదిలింది. సంధ్య ఆయనతో మాట్లాడుతుంటే నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. లోపల మిషను తుమ్మెదలా మోగుతోంది. పాలిష్ వాసన వస్తోంది. కళ్లు మూసుకుంటే, ఆ వాసన వెంటే మానుకోట వచ్చింది.

బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా మా నోట అది మానుకోటే. మా ఇల్లు రైలుపట్టాలకు ఇవతల, చర్చికి పోయే సందులో ఉండేది. రెండు గదుల పెంకుటిల్లు, వాకిట్లో చేదబావి, బావి పక్కన తాటికమ్మల పందిరి. ఆ పందిరి మా కోసం వేసింది కాదు, కారు కోసం వేసింది. మా నాయన దేవదానం కిరాయికి అంబాసిడర్ నడిపేవాడు. నేను బాపు అని పిలిచేదాన్ని. అమ్మను అవ్వ అనేదాన్ని. వాళ్లకు నేను ఒక్కదాన్నే. ఇంట్లో ఎప్పుడూ మూడు వాసనలు కలగలిసి ఉండేవి: బాపు చొక్కాలోని పెట్రోలు, అవ్వ చేతుల్లోని కుంకుడు నురగ, పందిరి మీద ఎండిన తాటాకు. ఇప్పటికీ ఎక్కడైనా వాటిలో ఒకటి తగిలితే మిగిలిన రెండూ వెతుక్కుంటూ వస్తాయి.

ఆ కారు జనగామలో ఒక బియ్యం వ్యాపారి వాడి అమ్మింది. తేవడానికి బాపుతో పాటు నేనూ పోయాను. వ్యాపారి ఇంటి ముందు అది నల్లగా నిలబడి ఉంది కానీ, దాని నలుపులో తేజం లేదు, బూజు పట్టిన పలకలా ఉంది. బాపు దాని ముందు గొంతుకూర్చుని, తల పక్కకు వంచి, ఎండ వాలుగా పడేచోట చాలాసేపు చూశాడు. "సాలెగూళ్లు పట్టినయి. ఎవరో ఎండుబట్టతోని తుడిచిన్రు," అని, మళ్లీ తనే, "పోతయి తియ్," అన్నాడు. ఇంటికి తెచ్చిన నాటి నుంచి ఆ ఎండాకాలమంతా మాకు అదే పని. కిరాయి లేని పూటల్లో, పందిరి నీడలో, బాపు జానెడు జాగా ఒకటి ఎంచుకునేవాడు. రంగుల దుకాణంలో దొరికే రుద్దుడు పేస్టును నీళ్లతో పల్చగా చేసి, తడి మలుమలు గుడ్డకు అద్ది, మెల్లగా, ఒకే వరుసలో ముందుకూ వెనక్కూ రుద్దేవాడు. గుడ్డ నల్లబడేది. అది మొదటిసారి చూసినప్పుడు నాకు భయమేసింది.

"బాపూ, రంగు పోతున్నది."

"పోవాలె. గీతను పూడ్చుడు కాదు బిడ్డా ఇది. గీత అడుగు ఎంతుందో, చుట్టున్న రంగును గక్కడిదాక దించుడు. అప్పుడు గీత ఉండదు. కానీ రంగు ఊరికే ఉండదు, దించినకొద్దీ పల్చబడతది. అందుకే ఒక్కపారి మంచిగ చేసి, మళ్ల గీతలు పడకుంట చూసుకోవాలె. ఊకె రుద్దొద్దు."

పేస్టు తరువాత మెత్తటి పాలిష్, ఆ పైన మైనం. మైనం ఆరిందాకా ముగ్గురం బావిగట్టు మీద కూర్చుని పుచ్చకాయ తినేవాళ్లం. అవ్వ గింజలు దాచి, వేయించి, మళ్లీ మాకే పెట్టేది. మైనం తుడిచేసరికి ఆ జానెడు జాగాలో ఆకాశం కనిపించేది. రోజుకొంత చొప్పున ఆకాశం పెరుగుతూ పోయింది. వానలు మొదలయ్యేనాటికి బానెట్ అంతా మబ్బులు తిరిగాయి. నేను వంగి చూస్తే నా ముఖం వెనక పందిరి, పందిరి వెనక మబ్బు. లోకం రెండోది ఒకటి ఆ నలుపులో ఉందనీ, అందులో మేమే ఇంకొంచెం నెమ్మదిగా బతుకుతున్నామనీ నాకు అనిపించేది.

ఇక అప్పటి నుంచి కారు కడగడం మా ఇంట్లో ఒక ప్రార్థనలాగే పద్ధతిగా సాగేది. సూర్యుడు పందిరి దాటకముందే మొదలయ్యేది. ముందు ఒట్టి నీళ్లు, పై నుంచి కిందికి. దుమ్ము తనంతట తాను జారిపోయేదాకా చెయ్యి తగలకూడదు. బొక్కెనలు రెండు. ఒకదాంట్లో వడగట్టిన కుంకుడు నురగ, ఇంకోదాంట్లో గుడ్డను జాడించే మంచినీళ్లు. పాత ధోతి గుడ్డలు, అంచులు కత్తిరించినవి. గుడ్డ కింద పడిందా, అది ఇక చక్రాలకే. చెయ్యి గుండ్రంగా తిప్పకూడదు, జుట్టు దువ్వినట్టు నిలువుగా పోవాలి. ఆరబెట్టేటప్పుడు రుద్దకూడదు, గుడ్డను పరిచి మెల్లగా లాగాలి. అవ్వ నీళ్లు తోడుతూ, ఏదో కీర్తన సన్నగా పాడుకుంటూ, మధ్యలో ఆగి అనేది: "నా నెత్తి ఒక్కనాడన్న గింత మంచిగ దువ్వినవా?" బాపు నవ్వేవాడు. నవ్వితే ఆయనకు ముందు కళ్లు నవ్వేవి. పెద్ద పెద్ద కళ్లు. గేదె కళ్లు అని అవ్వ వెక్కిరించేది.

పెళ్లిళ్ల కాలంలో ఆ కారుకు గిరాకీ ఎక్కువ. నల్లకారు మీద బంతిపూలు మెరుస్తాయని అందరూ దాన్నే అడిగేవాళ్లు. మిగతా కాలమంతా రోగులు, బాలింతలు, రైలు దిగిన చుట్టాలు. కొత్తగూడ అడవి వైపు పోవడానికి వేరేవాళ్లు వెనకాడేవాళ్లు కానీ బాపు పోయేవాడు. తండాల వాళ్లు ఆయన్ను తమవాడిలా చూసేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు కారు ఎర్రమట్టి కొట్టుకుని, ఇప్పపూల వాసన వేస్తూ వచ్చేది. నేను అప్పటికి ఇంటర్ పూర్తిచేసి, పైచదువుకు వరంగల్ పంపాలా వద్దా అని ఇంట్లో తేలక, ఊరికే ఉన్నాను.

ఆ రోజుల్లోనే బాపు మారడం మొదలుపెట్టాడు. ఒకనాడు కడగడం అయ్యాక బానెట్ ముందు వంగి చూసి, "మళ్ల సాలెగూడు పట్టింది," అన్నాడు. నాకేమీ కనబడలేదు. ఎండ మరీ ఎక్కువగా ఉందేమో, ఆయన కంటికి కనబడేది మాకు కనబడదేమో అనుకున్నాం. రుద్దుడు పేస్టు బయటికి తీశాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే మాట. ఈసారి అవ్వను అన్నాడు.

"నువ్వు గుండ్రంగ తుడుస్తున్నవ్. నేను లేనప్పుడు ఎట్లవడితె అట్ల తుడుస్తున్నవ్."

"నువ్వు చెప్పినట్టె తుడుస్తున్న."

"మరి గివి ఎక్కడికెల్లి వచ్చినయ్?"

అవ్వ గుడ్డను జాడించి తీగ మీద ఆరేసి లోపలికి పోయింది. ఆ పూట వంటింట్లోంచి గిన్నెల చప్పుడు గట్టిగా వచ్చింది. బాపు ఎప్పుడూ అవ్వను ఒక్క మాట అనేవాడు కాదు. కోపం తెలియని మనిషి కోపం చేస్తే ఇంటికి ఏం చేయాలో తెలియదు. తెల్లారి అవ్వ ఆయన్ను పక్కనే నిలబెట్టుకుని, ప్రతి గుడ్డా చూపించి, ప్రతి మడతా చూపించి కడిగింది. అయినా బాపు వంగి చూసి తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం పూట తల నొస్తుందని కణతలు నొక్కుకునేవాడు. ఒకసారి వాకిట్లోకి కారు మలుపుతూ ఎడమ మడ్‌గార్డ్‌ను గేటు రాయికి రాసుకున్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ జరగనిది. రాయి జరిగిందన్నాడు. మేం నమ్మాం.

రుద్దడం మానలేదు. ఊకె రుద్దొద్దు అన్న మనిషి, వారం తిరక్కుండానే మళ్లీ మళ్లీ పందిరి కింద చేరేవాడు. గుడ్డలు నల్లబడుతూనే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం ఆయన భోంచేసి పడుకున్నప్పుడు అవ్వ నన్ను చెయ్యిపట్టి కారు దగ్గరికి తీసుకుపోయింది. బానెట్ అంచు పొడవునా నలుపు పల్చబడి, రంగు కింద పూసే ఎర్రటి పూత బయటపడి ఉంది. అవ్వ దాని మీద వేలు పెట్టి, గాయం మీద పెట్టినట్టు వెంటనే తీసేసింది.

"రూతూ, నిజం చెప్పు. నీకేమన్న గీతలు కనబడుతున్నయా?"

"లేవవ్వా. అద్దం లెక్కుంది."

"నాకు గూడ లేవు," అంది అవ్వ.

ఆ సాయంత్రమే తేలిపోయింది. కరెంటు లేదు. అవ్వ కందిలి గాజును బూడిదతో తోమి, కడిగి, ఆరబెట్టి, వెలిగించి దర్వాజ దగ్గర తగిలించింది. బాపు బావిగట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంది. కందిలి వైపు చూసి మామూలుగా అన్నాడు: "గా గాజుకు గూడ సాలెగూడు పట్టింది. జర తుడువుండ్రి. రంగురంగులు కొడుతున్నది." అవ్వ కందిలి వైపు చూసింది. అప్పుడే కడిగిన గాజు, లోపల నిలకడగా నిలబడ్డ పసుపు వెలుగు. ఆమె మెల్లగా నడిచిపోయి ఆయన పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసింది. వాళ్లు అలా కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఎన్ని దినాలకెల్లి గిట్ల కనబడుతున్నది?"

"ఏంది?"

"దీపం చుట్టూ. గుండ్రాలు."

"గాజు మీద..." అని మొదలుపెట్టి బాపు ఆగిపోయాడు. పట్టాల మీద గూడ్సు బండి ఒకటి పోయింది, పోతూనే ఉంది. అది పోయాక అవ్వ అంది: "గీతలు కారు మీద లేవు. మనం రేపు వరంగల్ పోదాం."

వరంగల్ కంటి దవాఖానలో డాక్టరు మంచివాడు. తొందరపడకుండా చెప్పాడు. దీన్ని నీటికాసులు అంటారనీ, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుందనీ, వెలుగు చుట్టూ గుండ్రాలు కనబడేది ఆ ఒత్తిడికేననీ, ముందు పక్కచూపు పోతుంది కనుక మనిషికే తెలియదనీ అన్నాడు. ఆపరేషన్ చేస్తే ఉన్నది నిలుస్తుంది. పోయింది మాత్రం తిరిగి రాదు. బాపు అంతా విని, "సారూ, బండి?" అని మాత్రం అడిగాడు. ఇక నడపకూడదు అన్నాడు డాక్టరు. తిరుగు రైల్లో బాపు కిటికీ పక్కన కూర్చుని, బయటికి చూడకుండా, తన చేతులు చూసుకుంటూ వచ్చాడు. గోళ్లలో ఇంకా నల్లరంగు ఉంది. "రంగు గూడ గంతే," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "దిగిందంటే దిగినట్టే." ఆ తరువాత అవ్వ వైపు తిరిగి, "నిన్ను ఉత్తగనే అన్న," అన్నాడు. అవ్వ పల్లీలు ఒలిచి ఆయన చేతిలో పెట్టింది.

ఆపరేషన్ అయింది. కారు పందిరి కింద నిలబడిపోయింది. అవ్వ మాత్రం రోజూ కడగడం మానలేదు. బాపు అటు వీపు చేసి కూర్చునేవాడు, నీళ్ల చప్పుడు వింటూ. కొన్ని రోజులు చూసి అవ్వ ఒకనాడు బొక్కెన దించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది: "పిల్లకు నేర్పు." బాపు ఒప్పుకోలేదు. ఆడపిల్ల కారు తోలడమేంటని ఊరు నవ్వుతుందన్నాడు. "నవ్వేటోల్లు మన పొయ్యిల కట్టె పెడ్తరా?" అంది అవ్వ. నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ఆ స్టీరింగు ముందు కూర్చోవాలని ఎప్పటి నుంచో ఉందని చెప్పేదాన్ని.

రైలుపట్టాల పక్కన సరుకు దించే ఖాళీ జాగాలో బాపు నాకు నేర్పాడు. ఆయన ఎడమవైపు కూర్చునేవాడు. "నా ఎడమ దిక్కు నువ్వే చూడాలె, నాకు గక్కడ ఏం లేదు," అన్నాడు మొదటిరోజే, వాన రాలేదు అన్నంత తేలికగా. గేరు మార్చేటప్పుడు నా చేతిని చూసేవాడు కాదు, ఇంజిను మాట వినేవాడు. "గుర్రుమంటున్నది, విను. కష్టపెడుతున్నవ్ దాన్ని." తెల్లవారుజామున గడ్డి మీద మంచు ఉండేది. ఆ మంచులో, ఆ పెద్ద నల్లకారులో, మేమిద్దరం గుండ్రంగా తిరుగుతూ ఉండేవాళ్లం. పట్టాల అవతల మనుషులు ఆగి చూసేవాళ్లు. కొన్నాళ్లకు చూడటం మానేశారు. లైసెన్సు వచ్చింది. అయినా దుకాణానికీ చర్చికీ తప్ప నడపలేదు, ఊరు దాటలేదు.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్నే లచ్చిరాం వచ్చాడు. కొత్తగూడ అవతల తండా మనిషి, బాపుకు పాత పరిచయం. మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు, కాళ్లు మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. అతని భార్య మంగ్లీకి నిన్నటి నుంచి నొప్పులు, కాన్పు కావడం లేదు. బస్టాండు దగ్గర కార్లన్నీ పెళ్లిళ్లకు పోయాయి.

"దేవదానమన్నా, నువ్వే రావాలె. ఇంకెవ్వరు లేరు."

బాపు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. "నాకు కండ్లు లేవు లచ్చిరాం," అన్నాడు. ఆ మాట బయటివాళ్లతో ఆయన అనడం అదే మొదలు. లచ్చిరాం అర్థం కాక నా వైపు చూశాడు. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ అప్పటికే మేకుకు ఉన్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"పోతది. నువ్వు పక్కన కూసో," అంది బాపుతో. "తొవ్వ నీ నెత్తిల ఉన్నది, కండ్లు దానికున్నయి."

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తు. గూడూరు దాటాక రెండువైపులా టేకుచెట్లు దగ్గరపడ్డాయి. వెలుగు, నీడ, వెలుగు, నీడ, అద్దం మీద జారిపోతూ ఉన్నాయి. బాపు ముఖం ముందుకు పెట్టి, ఏమీ చూడకుండా, అంతా చెబుతున్నాడు. "నీడ సల్లబడ్డది. ఇగ దిగుడు వస్తది, గేరు తగ్గియ్. కల్వర్టు మీద కుడికి ఉండు, ఎడమకు కోసుకపోయి ఉంటది." కోసుకుపోయే ఉంది. "ఇప్పపూల వాసన వచ్చిందా? ఇంక రెండు మలుపులకు తండా తొవ్వ." వెనక సీట్లో లచ్చిరాం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తండా బాట బండ్లు పోయేంతే ఉంది. రెండు పక్కలా రేగు ముళ్లపొదలు. అవి కారును గీస్తున్న చప్పుడు ఇటు చివర నుంచి అటు చివరిదాకా, పలక మీద మేకు గీసినట్టు వినబడింది. నేను బ్రేకు మీద కాలు వేశాను.

"ఆగకు," అన్నాడు బాపు.

"గీతలు పడుతున్నయి బాపూ."

"వింటున్న. ఆగకు."

తండా ఆడవాళ్లు బొంతలు పరిచి మంగ్లీని వెనక సీట్లో పడుకోబెట్టారు. వాళ్ల భాషలో ఏదో చెబుతూ ఏడుస్తున్నారు. బాపు ఆ భాషలోనే రెండు ముక్కలు అన్నాడు, వాళ్ల ఏడుపు తగ్గింది. తిరుగు తోవంతా మంగ్లీ అరుపులు. బాపు గొంతు మాత్రం మారలేదు. దిగుడు, ఎక్కుడు, మలుపు, కల్వర్టు. మానుకోట దవాఖాన గేటు కనబడినప్పుడు నేను చెప్పకముందే, "వచ్చినం," అన్నాడు. నర్సులు పరుగెత్తుకొచ్చారు. మేం కారులోనే కూర్చుండిపోయాం. మధ్యాహ్నం ఎప్పుడో లచ్చిరాం బయటికొచ్చాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. బాపు డాష్‌బోర్డు మీద తల ఆనించి చాలాసేపు ప్రార్థించాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

తెల్లారి బాపు కారు వైపు వీపు చేసి కూర్చోలేదు. బొక్కెన తనే ఎత్తాడు. ఎర్రమట్టి అంతా నీళ్లకు జారి బావిగట్టు కిందుగా పారింది. కడిగి, ఆరబెట్టి, అరచేత్తో కారు పక్కను మొదటి నుంచి చివరిదాకా తడిమాడు. "మస్తు పడ్డయా?" అని అడిగాడు. పడ్డాయి బాపూ, అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పొడుగ్గా, లోతుగా, డోరు నుంచి డిక్కీ దాకా. నేను పేస్టు డబ్బా తేవడానికి లేస్తే చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనియ్. గింత లోతు గీతలు రుద్దితే పోవు, రంగే పోతది. కడుక్కుంట ఉందాం, చాలు." వంటింట్లోంచి అవ్వ టీకి పిలిచింది. ముగ్గురం బావిగట్టు మీదే తాగాం.

ఆ తరువాత కొన్నేళ్లు ఆ కారు నేనే నడిపాను. పెళ్లికూతుళ్లను దించాను, పేషెంట్లను తెచ్చాను. పక్క సీట్లో బాపు ఉండేవాడు, రోడ్డు చెబుతూ, నాకు అవసరం లేకపోయినా. టీచర్ ట్రైనింగ్ చేసి కొడకండ్లలో ఉద్యోగం వచ్చాక జనగామలో స్థిరపడ్డాను, వాళ్లిద్దరూ నాతోనే వచ్చేశారు. బాపుకు మిగిలిన చూపు చివరిదాకా కొంచెం నిలిచింది. మనుషులను ముఖంలో కాదు, అడుగుల చప్పుడులో గుర్తుపట్టేవాడు. అవ్వ అడుగును అయితే వీధి చివరి నుంచే.

ఇప్పుడు భూపాలపల్లి షెడ్డులో మిషను తిరుగుతుంది. రంగు ఎంత మందం ఉందో చెప్పే చిన్న పరికరం ఉంది. ఎక్కడ ఆగాలో అదే చెబుతుంది. ఒక పూటలో గీతలన్నీ పోయాయి. నురగ చిమ్మే పంపులు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు, రంగు మీద గాజులా గట్టిపడే పూతలు, అన్నీ ఉన్నాయి. సంధ్యకు రెండు బొక్కెనల కడుగుడు నేర్పి వచ్చాను. నీడలో కడగమన్నాను, పొడిగుడ్డ ఇంట్లో దాచమన్నాను. తను ఫోనులో రాసుకుంది. అవన్నీ మా ఎండాకాలం కన్నా తేలికైన పద్ధతులు, మంచివి కూడా. ఆ పుచ్చకాయ ముక్కల రుచి ఒక్కటే వాటిలో లేదు. దానికి ఎవరినీ తప్పుపట్టలేను.

కానీ ఆనాటికీ ఈనాటికీ మధ్య నేను కొలిచే దూరం అది కాదు. యాభై దాటాక నాకూ కంట్లో ఒత్తిడి ఉందని తేలింది. బాపు సంగతి తెలుసు కనుక నేనే పోయి అడిగి చూపించుకున్నాను. అప్పటికి చూపేమీ పోలేదు. రోజూ పడుకునేముందు తల వెనక్కి వాల్చి, కంటికొక మందుచుక్క వేసుకుంటాను. అంతే. జనగామ నుంచి భూపాలపల్లికి ఇప్పటికీ నేనే నడుపుకుంటూ పోతాను. సంధ్యను కూడా ఏడాదికొకసారి కంటి పరీక్షకు తీసుకుపోతాను, నవ్వుతూనే వస్తుంది. పక్కచూపు ఎంతుందో చూసే ఆ పరీక్ష వింతగా ఉంటుంది. గదిలో దీపాలు తీసేస్తారు. గడ్డం ఒక పీట మీద ఆనించి, తెల్లటి గిన్నెలాంటి దాని లోపలికి చూస్తూ కూర్చోవాలి. కన్ను కదపకూడదు, నడుమనే చూడాలి. అంచుల్లో ఎక్కడెక్కడో సన్నటి చుక్కలు వెలిగి ఆరిపోతుంటాయి. కనబడిన ప్రతిదానికీ చేతిలో ఉన్న బటన్ నొక్కాలి. ఆ నిశ్శబ్దంలో నేను తొందరపడను. కింద ఒకటి వెలుగుతుంది, నొక్కుతాను. కుడిపక్క ఒకటి. తరువాత చాలాసేపు ఏమీ ఉండదు. ఊపిరి బిగపట్టుకుని ఎదురుచూస్తాను. దూరంగా, ఎడమ అంచున, ఉందో లేదో అన్నట్టు ఒక చుక్క వెలుగుతుంది. నొక్కుతాను.